మేకు మీద బ్లేడు

ఠంగ్…

ఇనప బకెట్లో రాయి పడింది.

తడి గడ్డి వాసన. గడ్డిలో ఎవరో మోకాళ్ళ మీద జరుగుతున్న సన్నటి కదలిక. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ — ఠంగ్.

షెడ్డులో ఆయన చెయ్యి ఆగిపోయింది.

పొద్దుటి నుంచీ ఇదే వరస. ఆకురాయి నాలుగుసార్లు నడుస్తుంది, పెరట్లో బకెట్ మోగుతుంది, ఆకురాయి ఆగిపోతుంది. బయట రాళ్ళు ఏరుతున్నది ఆయన భార్య. లోపల గడ్డి కోసే మిషను బ్లేడుకు పదును పెడుతున్నది ఆయన. ఇద్దరి మధ్యా ఒక రేకు తలుపు.

తలుపు మూసి ఉంది. ఇన్నేళ్ళలో ఆయన దాన్ని మూసుకుని పని చేసింది ఈ నాలుగు రోజులే.

ఆ వీధిలో ఆయన్ని లిఫ్టాయన అంటారు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ముప్పై ఏళ్ళుగా జనాన్ని పైకీ కిందికీ మోసే ఇనప తాళ్ళను చూసుకుంటున్నాడు. తాడులో ఒక్క పోగు తెగి కనబడితే చాలు, లిఫ్టు ఆపేస్తాడు. తొమ్మిదో అంతస్తు వాళ్ళు ఆయాసపడుతూ తిట్టుకుంటారు. మేనేజరు ముందు బతిమాలతాడు, తర్వాత అరుస్తాడు. ఈయన మాత్రం తలుపుకి బోర్డు తగిలించి, నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగడానికి వెళ్ళిపోతాడు. ఒక్క పోగే కదా అని నాతో అనకండి, అంటాడు.

అంతటి మనిషి.

అంతటి మనిషీ ఇంటి దగ్గర ఏం చేశాడో చెప్పాలంటే ముందు బ్లేడు సంగతి చెప్పాలి.

మోచేతి పొడవు బ్లేడు. కిందటేటి దాకా తొమ్మిదేళ్ళు అదొక్కటే. పక్కింటివాళ్ళు రెండేళ్ళకోసారి కొత్తది వేయించుకుంటుంటే ఈయన మీసాల్లో నవ్వుకునేవాడు. రెండు చేతులుండి కూడా కొత్తదెందుకట! నెలకోసారి షెడ్డు తలుపు బార్లా తెరిచి, వీధంతా వినబడేలా పదును పెట్టేవాడు.

దానికో పద్ధతుంది. ముందు ఇంజను ప్లగ్గు వైరు పీకి పక్కకి వంచాలి. మిషను దానంతటది తిరగదని ఎవరు ఒట్టేసి చెప్పినా నమ్మకూడదు. నూనె కారని వైపుకి మిషన్ని వాల్చాలి. అడుగున అంటుకున్న ఎండు గడ్డిని పుల్లతో గీకాలి. బోల్టు విప్పాలి. బ్లేడు కింది ముఖం మీద ఎర్ర రంగు చుక్క ఉంటుంది, మళ్ళీ బిగించేటప్పుడు తిరగబడకుండా. ఆకురాయి ఒకవైపుకే నడవాలి. తోసినప్పుడే కోత. వెనక్కి వచ్చేటప్పుడు పైకెత్తి తెచ్చుకోవాలి. ఇటు పాతికసార్లు రుద్దితే అటూ పాతికసార్లు రుద్దాలి.

తర్వాత మేకు.

గోడకి దిగ్గొట్టిన మేకు మీద బ్లేడుని నడిమి బెజ్జంతో తగిలించాలి. ఏ పక్క బరువుంటే ఆ పక్క వాలుతుంది. వాలిన పక్కని మళ్ళీ రుద్దాలి. మళ్ళీ తగిలించాలి. అటూ ఇటూ వాలకుండా, తక్కెడ ముల్లులా నిలబడేదాకా.

చివర్లో ఒకే ఒక్క దెబ్బ. పానాతో బ్లేడుని తట్టాలి. ఖణ్… అని మోగిందా, నిక్షేపంలా ఉన్నట్టు. థప్ అందా — ఎక్కడో పగులుంది.

ఇదంతా ఆయన కూతురికి నేర్పాడు. ఇంట్లో ఆ పిల్ల పేరు పిట్ట. పదేళ్ళప్పుడు స్టూలెక్కించి పానా చేతికిచ్చాడు. పిట్ట తట్టేది, చెవి దగ్గర పెట్టుకుని వినేది. "బతికే ఉంది నాన్నా!" అని అరిచేది. ఆ మాట వినడానికే ఆయన నెల గడవక ముందే బ్లేడు విప్పిన రోజులున్నాయి.

ఖణ్…

ఆ మోత కోసం.

కిందటేడు వానల మొదట్లో ఒక మధ్యాహ్నం — ఆ మోత రాలేదు.

మబ్బు పట్టి ఉంది. గాలి ఆగిపోయింది. బ్లేడు చివర, మూల పైకి వంగే చోట, వెంట్రుకంత గీత కనబడింది. గీత అనుకున్నాడు. పానాతో తట్టాడు.

థప్.

చేతిలో తడిగుడ్డ ఉంది. గుడ్డ తగిలి అలా పలికి ఉంటుందనుకున్నాడు. గుడ్డ అవతల పడేసి ఇంకోసారి తట్టాలి. తట్టలేదు. చినుకు పడేలోపు గడ్డి కోసెయ్యాలి. తొమ్మిదేళ్ళ బ్లేడు, తన చేతి బ్లేడు, దానికేమవుతుంది? ఆకురాయి తీసుకుని గీత మీద రుద్దాడు.

నాలుగుసార్లు.

గీత పోయింది. పైపైన పోయింది.

గడ్డి కొయ్యడానికీ ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. ముందు భార్య బకెట్ పట్టుకుని రాళ్ళు ఏరుతుంది. ఏరడం అయ్యాక చెయ్యెత్తి "ఇక కానివ్వండి" అంటుంది. ఆ మాట అన్నాకే ఆయన మిషను తాడు లాగుతాడు. వాళ్ళ కాపురం ఎంత పాతదో ఆ పద్ధతీ అంత పాతది. ఆ రోజూ ఆమె ఏరింది. ఆయనే తొందరపెట్టాడు. "చాల్లే, వానొస్తోంది. పెద్ద రాళ్ళేం లేవుగా." ఆమె నడుం నిలబెట్టి ఒకసారి చుట్టూ చూసింది. చెయ్యెత్తింది.

"ఇక కానివ్వండి."

పిట్ట వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని కొత్త బూట్ల లేసులు బిగించుకుంటోంది. రేవులో క్రేను నడిపే ఉద్యోగం. ఆర్నెల్ల శిక్షణ అయింది. మర్నాడే చేరాలి. క్రేను మీద అంత ఎత్తు గదిలో కూర్చుని, అంత బరువున్న సరుకు పెట్టెని, కింద గీసిన గీత మీద వేలెడంత తేడా రాకుండా దించగలదు పిట్ట. దించినప్పుడు కింద ఉన్నవాళ్ళు ఈలలేశారట. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికి పదిసార్లు చెప్పింది.

మిషను చప్పుడు మారింది.

చెవి అంత పదునుగా లేనివాళ్ళకి తెలిసేది కాదు. పిట్టకి తెలిసింది. చిన్నప్పటి నుంచీ వినడం నేర్పింది నాన్నేగా. చప్పుడు మారిందని తలెత్తింది…

తలెత్తకపోతే భుజానికి తగిలేది.

కుడి కన్ను.

ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు — ఏదో బలంగా తగిలి ఎగిరిపోయింది, దాని ముక్కేం కంట్లో మిగల్లేదు, గడ్డి మిషన్ల దగ్గర ఇలాంటివి చూస్తూనే ఉంటాం, రాయే అయ్యుంటుంది. చెప్పి ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

రాయి.

ఆ మాట పిట్ట తల్లి చెవిన పడింది. గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. "చూశానండీ… అంతా చూశాననే అనుకున్నానండీ… నేను చెయ్యెత్తకుండా ఉండాల్సిందండీ…"

ఆయన నోరు తెరిచాడు. ఆమె ఏడుస్తోంది. ఇప్పుడు కాదు, కాస్త తేరుకున్నాక చెబుదామనుకున్నాడు. నోరు మూసుకున్నాడు.

మర్నాడు బట్టలు తీసుకెళ్ళడానికి ఇంటికొచ్చినప్పుడు మెట్టు పక్కన, పూలకుండీ వెనక, దొరికింది. బొటనవేలి గోరంత ఇనప ముక్క. ఒక అంచున ముందురోజు తను పెట్టిన పదును తళతళలాడుతోంది. విరిగిన అంచున సగం దాకా తుప్పు. నల్లగా, పాతగా. ఆ పగులు ఆ రోజుది కాదు. ఎన్ని నెలల నుంచి ఉందో.

మేకుల డబ్బాలో వేసి మూత పెట్టాడు. మిషను మీద టార్పాలిన్ కప్పాడు.

వారం పోయాక చెబుదామనుకున్నాడు. పిట్ట కట్టు విప్పాక చెబుదామనుకున్నాడు. ఆమె అన్నం సరిగా తినడం మొదలుపెట్టాక చెబుదామనుకున్నాడు. చెప్పని మాటకి కూడా తుప్పు పడుతుంది. ఎంత ఆలస్యమైతే అంతగా బిగుసుకుపోతుంది. పలకరించడానికి వచ్చినవాళ్ళు "కంటికి రెప్పలా చూసుకున్నారే" అనేవారు, అనేశాక నాలిక కరుచుకునేవారు. ఆయన తేలు కుట్టిన దొంగలా తల దించుకుని కుర్చీలు వేసేవాడు.

ఆమె రాళ్ళు ఏరసాగింది.

గడ్డి కొయ్యకపోయినా. మిషను బయటికి రాకపోయినా. రోజూ సాయంత్రం బకెట్ పట్టుకుని పెరట్లోకి దిగేది. మొదట పెద్దవి. తర్వాత గోళీలంతవి. తర్వాత బఠాణీలంతవి. గోళ్ళు అరిగిపోయాయి. వేళ్ళ చివర్లు పగిలి మట్టి రంగుకొచ్చాయి. ప్రహరీ పక్కన రాళ్ళ కుప్ప మోకాలి ఎత్తయింది.

ఏరిన వాటిలోంచి ఒకటి తెచ్చి, అన్నం ముందు కూర్చున్న ఆయనకి చూపించేది.

"ఏమండీ, ఇదేనంటారా?"

రోజూ ఒక రాయి. రోజూ అదే ప్రశ్న. ఆయన తల దించుకుని అన్నం కలుపుకునేవాడు. ఒకరోజు — విసుగొచ్చిందో, జాలే వేసిందో — "ఆ, అదే అయ్యుంటుంది" అనేశాడు. అలా అంటే ఏరడం ఆపేస్తుందనుకున్నాడు.

ఆమె ఆ రాయిని కడిగింది. తుడిచింది. వంటింటి కిటికీలో, గిన్నెలు తోమేటప్పుడు కళ్ళెదురుగా ఉండేలా పెట్టుకుంది.

ఏ పాపమూ ఎరగని రాయి. గుండ్రంగా, బూడిదరంగులో, కాకిపిల్ల తలంత రాయి. మంచినీళ్ళు ముంచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళినా ఆయన ఆ కిటికీ వైపు తిరిగేవాడు కాదు.

ఆమె ఏరడం ఆపలేదు.

పిట్ట ఇప్పుడు రేవు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని లారీల నెంబర్లు రాసుకుంటోంది. గ్లాసులో నీళ్ళు పోసుకునే ముందు గ్లాసు అంచుని వేలితో తాకి చూసుకుంటుంది. మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు కోసం కాలితో వెతుక్కుంటుంది. "నాకు సగమే కనిపిస్తారు, అందుకే మీ మీద సగం కోపమే వస్తుంది" అని వేళాకోళం చేస్తుంది. నాన్న నవ్వినట్టు చేస్తాడు. అమ్మ బకెట్ తీసుకుని బయటికి పోతుంది.

మళ్ళీ వానలొచ్చాయి. గడ్డి మోకాలు దాటింది. పోయినవారం ఎవరినైనా పిలిచి కొట్టించేద్దామన్నాడాయన, వాళ్ళ మిషన్ వాళ్ళే తెచ్చుకుంటారన్నాడు.

ఆమె గయ్యిమంది. "ఎవరినో పిలిస్తే? వాళ్ళకి మాత్రం కళ్ళుండవా? వాళ్ళ పిల్లలకుండవా? నేను ఏరందే ఈ పెరట్లో ఎవరూ మిషను పెట్టడానికి వీల్లేదు. మీరే కొయ్యాలి. నాలుగు రోజులివ్వండి నాకు. ఒక్క రాయి ఉంటే అడగండి."

నాలుగు రోజులు ఆయనా సెలవు పెట్టాడు.

టార్పాలిన్ తీశాడు. వైరు పీకాడు. మిషను వాల్చాడు. మూల విరిగిన బ్లేడు, ఏడాదిగా ఎవరూ చూడని బ్లేడు, ఎండు గడ్డి కింద అలాగే ఉంది. కొత్తది కొందామని కొట్టు దాకా వెళ్ళాడు. మెట్ల దగ్గర నిలబడ్డాడు. కొత్త బ్లేడు చూస్తే ఆమె అడుగుతుంది — ఇన్నేళ్ళూ కొననిది ఇప్పుడెందుకు కొన్నారని. ఏం చెప్పాలి? వెనక్కి వచ్చేశాడు.

వచ్చి ఏం చేశాడంటే, రెండో మూల కోశాడు.

రంపంతో. అటు ఎంత పోయిందో ఇటూ అంతే. కోసి, ఆ కొత్త అంచుని ఆకురాయితో రుద్దాడు, విరిగిన అంచు జోలికి మాత్రం పోలేదు. మేకుకి తగిలించాడు. ఇటు వాలింది. రుద్దాడు. అటు వాలింది. రుద్దాడు. నాలుగు రోజులు. ఇప్పుడు రెండు మూలలూ ఒకేలా ఉన్నాయి. మొదట్నుంచీ దాని ఆకారమే అంత అనుకుంటారు చూసినవాళ్ళు. మేకు మీద బ్లేడు నిలబడింది, అటూ ఇటూ వాలకుండా.

పానా చేతికందే దూరంలోనే ఉంది.

తట్టలేదు.

ఠంగ్…

చెయ్యి ఆగిపోయింది. ఈసారి బకెట్ వెనకే రేకు తలుపు కిర్రుమంది. గుమ్మంలో పిట్ట. గడప కోసం కాలితో వెతుక్కుని లోపలికొచ్చింది. ఏడాది తర్వాత ఆ షెడ్డులోకి రావడం అదే.

"తలుపేసుకున్నావేంటి నాన్నా? ఊపిరాడుతుందా లోపల?"

"దుమ్ము… బయటికి పోతోందని."

"దుమ్ము బయటికి పోతే మంచిదేగా." నవ్వింది. మేకు మీది బ్లేడు వైపు చూసింది. "నీ పెద్దకొడుకు ఎలా ఉన్నాడు? బతికే ఉన్నాడా?"

పానా కోసం చెయ్యి చాచింది. చెయ్యి పానాకి ఇవతల గాలిని పట్టుకుంది. రెండోసారి అందుకుంది. వద్దమ్మా అనబోయాడు.

తట్టింది.

థప్.

పిట్ట నవ్వు ముఖం మీదే ఉండిపోయింది కాసేపు. మళ్ళీ తట్టింది. థప్. విరిగిన ముక్కతో పగులు పోలేదు. ఇంకా లోపలికి పాకి ఉంది.

"తడిగుడ్డ తగిలిందేమో," అన్నాడాయన.

"మేకుకి వేలాడుతోంది నాన్నా. గుడ్డెక్కడుంది?"

మూలల్ని వేలితో తడిమింది. ఒక మూల. ఇంకో మూల. కంటికంటే ఆ వేళ్ళకే ఇప్పుడు ఎక్కువ తెలుస్తుంది. "ఇది నిన్నో మొన్నో కోశావు. ఇంకా గరుకు పోలేదు," అంది. "మరి ఆ మూల?"

ఆయన గుండెల్లో రాయి పడింది. పడటం కాదు, ఏడాదిగా ఉన్నదే కదిలింది. మేకుల డబ్బా తీశాడు. మూత బిగుసుకుపోయి ఉంది. తీసి, మేకుల మధ్య నుంచి ఆ ముక్కని పిట్ట అరచేతిలో పెట్టాడు.

పిట్ట దాన్ని బ్లేడు మూలకి ఆనించబోయింది. గురి తప్పింది. ముక్క గాల్లోనే ఆగింది. ఆయన చెయ్యి అడ్డొచ్చింది, సాయం చెయ్యబోయి.

"వద్దు."

రెండో చేతి వేలితో మూలని వెతుక్కుంది. వేలి పక్కగా ముక్కని జరిపింది. ఆనింది. సరిగ్గా అతుక్కుంది.

రేవులో అంత బరువు పెట్టెని గీత మీద దించిన చెయ్యి.

బయట బకెట్ మోగింది. ఇద్దరూ విన్నారు.

"కోసేటప్పుడు విరిగిందా?" అంది. గొంతు చాలా చిన్నదయింది. "నీకు తెలీకుండా?"

ఇక్కడ అవునంటే సరిపోయేది. ఇంకొక్క అబద్ధం. కిటికీలో రాయి పక్కన ఇంకో రాయి. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ముందే తట్టాను పిట్టా. విన్నాను. విని కూడా…"

పిట్ట స్టూలు మీద కూర్చుంది. చిన్నప్పుడు ఎక్కి నిలబడ్డ స్టూలే. ఆ ఒక్క కన్నూ ఆయన్ని చూడలేదు, బ్లేడునీ చూడలేదు. గోడ మీద, ఎక్కడో, మేకు కింద ఆగింది. తిడుతుందేమోనని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. చెంప మీద కొట్టినా బాగుండుననుకున్నాడు.

"నా కన్ను సంగతి నిన్ను అడుగుతాను నాన్నా," అంది చివరికి. "ఎప్పుడో అడుగుతాను. ఇవాళ నాకు చేతకాదు."

లేచింది.

"అమ్మ వేళ్ళు చూశావా?"

"చూశాను."

"చూసి కూడా…"

పిట్ట ముక్కని ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి, గుప్పిట మూసింది. "నేను చెప్పను. చెప్పాల్సింది నేను కాదు." మేకు మీది బ్లేడుని తీసి నేల మీద పడేసింది. తలుపు బార్లా తెరిచి వెళ్ళిపోయింది. గడప దగ్గర కాలితో వెతుక్కోలేదు. తూలింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

తలుపు తెరిచి ఉంది.

వెలుతురు. తడి గడ్డి. గడ్డి మధ్యలో ఆమె వీపు. మోకాళ్ళ కింద గోనెపట్టా. ముందుకి జరుగుతోంది, గడ్డి పాయల్ని తల దువ్వినట్టు విడదీస్తోంది, వెతుకుతోంది, ముందుకి జరుగుతోంది. ఆమె జరిగినంత మేరా గడ్డి పడుకుని ఉంది.

ఆయన ఆ దారమ్మటే నడిచాడు. ఇరవై అడుగులుంటుంది. తొమ్మిది అంతస్తులు మెట్లెక్కినట్టు ఆయాసం వచ్చింది.

"పదును పెట్టడం అయిందా?" ఆమె తలెత్తకుండానే అడిగింది. "ఇదిగో, ఆ మూలొక్కటీ ఏరితే అయిపోతుంది. ఈసారి ఒక్కటి కూడా ఉండదు, మీరే చూస్తారుగా."

ఆయన ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అయ్యో, మీకెందుకండీ! మోకాళ్ళు పట్టేస్తాయి. లేవండి, లేవండి. నేను చేస్తున్నాగా."

తన కిందున్న గోనెపట్టాని సగం ఆయన వైపుకి లాగింది. గుప్పిట్లో ఇనుము చెమటకి తడిసింది. పదును అరచేతిలో దిగుతోంది. ఏడాది గడిచినా ఆ పదును తగ్గలేదు, తన చేతి పదునే కదా.

"వంటింట్లో రాయి…" అన్నాడు.

"ఊఁ."

"అది కాదు."

ఆమె చేతులు ఆగలేదు. గడ్డిని విడదీస్తూనే ఉన్నాయి.

"నాకూ తెలుసండీ అది కాదని," అంది మెల్లగా. "నున్నటి రాయి, అంత దెబ్బ ఎలా తగులుతుంది? నా బాధ చూడలేక అన్నారు మీరు. అందుకేగా ఇంకా వెతుకుతున్నాను. అసలుది ఇక్కడే ఎక్కడో ఉంటుంది…"

ఇంకో రాయి దొరికింది. మట్టి తుడిచింది. బకెట్లో వేసింది.

ఠంగ్…

ఆయన గుప్పిట బకెట్ మీదికి జరిపాడు. బకెట్ నిండా రాళ్ళు, ఒక్కటీ తప్పు చెయ్యని రాళ్ళు. వేళ్ళు విప్పాడు.

చిన్న చప్పుడు. పలచటి చప్పుడు. రాయి చేసే చప్పుడు కాదు.

గడ్డిలో ఆమె చెయ్యి ఆగిపోయింది.